మూడు వారాల సబ్ రిజిస్ట్రారు

కిందటి ఫిబ్రవరిలో, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, మేమిద్దరం ఒక భాగపంపకాల కాగితం రిజిస్ట్రేషను కోసం ప్రత్తిపాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేలా ఉంది. వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్న దస్తావేజు లేఖరి మాకు పాత పరిచయస్తుడు. ఆయన పిల్లలిద్దరూ మా దగ్గరే చదువుకున్నారు. టీ తెప్పించి కబుర్లు మొదలుపెట్టాడు.

“మాస్టారూ, ఎన్టీ రామారావుగారు ఉజ్జోగం చేసింది మన ప్రత్తిపాడులోనేనండీ. మూడంటే మూడు వారాలు! సంతకాలు పెట్టడం చేతకాక కాదు, ముఖానికి రంగేసుకుందామని వదిలేసి పోయాడు. అమ్మగారూ, ఎంత గుండె ధైర్యమో చూడండి!”

మామూలుగా అయితే మేమూ నవ్వి ఊరుకునేవాళ్ళం. ఆ రోజు నవ్వు రాలేదు. ఎందుకంటే సరిగ్గా పదిరోజుల కిందట మా రెండోవాడు అదే మాట అన్నాడు. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, దీపం తగ్గించబోతుండగా, “అమ్మా, నాన్నా, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. నాటకాల్లోకి, వీలైతే సినిమాల్లోకి పోతాను” అన్నాడు. వాడికి ఇరవయ్యారేళ్ళు. పరీక్ష రాసి సచివాలయంలో ఉద్యోగం తెచ్చుకున్న రోజున మా వీధివీధంతా మిఠాయి పంచినవాళ్ళం మేము. మర్నాడు వాడు రాజీనామా ఉత్తరం కూడా రాసి, తారీఖు వెయ్యకుండా మా చేతికిచ్చాడు. “మీరు సరేనన్న రోజున తారీఖు వేస్తాను” అని. దాన్ని బీరువాలో పొలం కాగితాల కింద పెట్టాం.

అందుచేత ఆ వేపచెట్టు కింద విన్న కథ మమ్మల్ని వదల్లేదు. ఆ మనిషి ఏం చేశాడు, ఎలా చేశాడు అని విచారించడం మొదలుపెట్టాం. ఇంట్లో పెళ్ళి సంబంధం వస్తే వంశం విచారించినట్టే అనుకోండి. పుస్తకాలు తిరగేశాం, పెద్దవాళ్ళను అడిగాం. రాజకీయాల సంగతి మాకక్కర్లేదు. 1982 తర్వాతి రామారావును గురించి ఎవరి అభిప్రాయం వారికుంది. మాకు కావలసింది 1947 నాటి ఇరవైనాలుగేళ్ళ రామారావు.

ముందుగా ఒక మాట. కాకినాడ జిల్లాలోనూ ఒక ప్రత్తిపాడు ఉంది, అది కాదు ఇది. కొన్ని పుస్తకాల్లో ఆ ఉద్యోగం మంగళగిరిలో అని ఉంది. ఏదైనా రెండూ గుంటూరు జిల్లా ఊళ్ళే. మా ప్రత్తిపాడువాళ్ళ ముందు మాత్రం మంగళగిరి మాట ఎత్తకండి!

ఆయన పుట్టింది 1923 మే 28న, కృష్ణాజిల్లా నిమ్మకూరులో. వ్యవసాయ కుటుంబం. పెదనాన్నకు దత్తు వెళ్ళాడు. బెజవాడలో చదువుకునే రోజుల్లో ఆస్తి కరిగిపోతే హోటళ్ళకు పాలు పోశాడు. 1942లో మేనమామ కూతురు బసవతారకంతో పెళ్ళయింది. తర్వాత బి.ఏ. చదువుకు వచ్చింది ఎక్కడికనుకున్నారు? మన గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీకే. లూథరన్ మిషనరీలు 1885లో మొదలుపెట్టిన ఏ.సి. కాలేజీ! మన సంఘాల్లో ఎందరు పెద్దలు ఆ మెట్లెక్కి చదువుకున్నారో లెక్కలేదు. మాలో ఒకరమూ అక్కడివారమే. అక్కడ రామారావుకు తోడుగా దొరికినవాడు కొంగర జగ్గయ్య, తెనాలి దగ్గర మోరంపూడి వాడు. ఆ కంచు కంఠం మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివాడు, సినిమాల్లో పేరు తెచ్చుకున్నాడు, 1967లో ఒంగోలు నుంచి పార్లమెంటుకు వెళ్ళాడు. వీళ్ళు, ముక్కామల మొదలైనవారు కలిసి నేషనల్ ఆర్ట్ థియేటర్ అని ఒక నాటక సమాజం పెట్టుకుని ఆడుతుండేవారు.

అంటే ప్రత్తిపాడు కుర్చీలో కూర్చునేనాటికే ఆయనకు ఏళ్ళ తరబడి రంగస్థలం అలవాటుంది. మద్రాసు సర్వీసు కమిషను పరీక్ష 1100 మంది రాస్తే 7గురిని ఎంచుకున్నారనీ, అందులో ఈయనొకడనీ చెబుతారు. ఆ రోజుల్లో సబ్ రిజిస్ట్రారు అంటే ఊరు లేచి నిలబడే ఉద్యోగం. దాన్ని వదిలాడు. అయితే ఊరికే వదలలేదు. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ అప్పటికే చూసి ఉన్నాడు. బి.ఏ. సుబ్బారావు ఫోటో చూసి, పల్లెటూరి పిల్ల చిత్రానికి ఈయనే నాయకుడని నిశ్చయించుకుని 1116 రూపాయలు ఇచ్చాడు. మా వాడితో ఈ సంగతి గట్టిగా చెప్పాం. “చూశావా, పిలుపు వచ్చాక లేచాడు. నీకు ఎవరు పిలుపు పంపారు?” అని. వాడు మాట్లాడలేదు. మేము గెలిచామనుకున్నాం.

మా భయానికి కారణం కూడా చెప్పాలి. మా బంధువుల్లో ఒకబ్బాయి ఇలాగే హైదరాబాదు వెళ్ళాడు. వేషం ఇప్పిస్తానన్న ఒకాయన శిక్షణ పేరుతో, ఫోటోల పేరుతో రెండు లక్షలు తీసుకున్నాడు. ఆ రెండు లక్షలు ఎలా వచ్చాయంటే, ఎకరం మిరపతోటను రెండేళ్ళు కౌలుకిచ్చి తెచ్చారు. ఆరు నెలలు కృష్ణానగర్‌లో నలుగురితో గది పంచుకుని ఉండి, చివరికి ఒక పెళ్ళి దృశ్యంలో భోజనాల బంతిలో వెనక వరసలో కనిపించి, ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజిలో లెక్కలు రాస్తున్నాడు. బుద్ధిమంతుడే. ఆ భోజనాల బంతి సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు.

రామారావుకూ మద్రాసులో పూలబాట పరచలేదు. థౌజండ్ లైట్స్‌లో చిన్న గది, తోడుగా తర్వాత దర్శకుడైన యోగానంద్. ఒప్పుకున్న పల్లెటూరి పిల్ల వెనకబడింది. ముందుగా 1949లో వచ్చిన మనదేశం సినిమాలో చిన్న పోలీసు ఇన్స్పెక్టరు వేషం దొరికింది. అందులో సత్యాగ్రహుల మీద లాఠీ ఝళిపించే సన్నివేశం ఒకటుంది. కొత్త నటుడు ఆవేశం ఆపుకోలేక నిజంగానే జనాన్ని బాదాడని సినిమావాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత పల్లెటూరి పిల్లలో ఎద్దుతో పోరాటముంటే డూప్ వద్దని తానే కలియబడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట.

ఇది చదివి మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా వాడు పదేళ్ళప్పుడు క్రిస్మస్ నాటికలో హేరోదు సైనికుడు. చేతికి వెదురు కర్ర ఇచ్చాం. గొల్లవాడిగా వేసిన ఎదురింటి పిల్లవాణ్ణి అదిలించమంటే ఒక్కటిచ్చాడు చూడండి, పాపం వాడి నుదురు బొప్పి కట్టింది. నాటిక సగంలో ఆగిపోయింది. వాళ్ళమ్మ స్టేజీ ఎక్కింది. మావాడు ఏడుస్తూ, “సైనికుడంటే కొట్టాలిగా” అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా మా సంఘంలో పిల్లల చేత నాటికలు వేయిస్తున్నాం గనుక ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు మాకుంది అనుకుంటాం. తల తుడుచుకునే తువ్వాళ్ళే గొల్లల తలపాగాలు, చీరల పెట్టెల్లో వచ్చే బంగారు కాగితమే జ్ఞానుల కిరీటాలు. పిల్లల్లో రెండు రకాలవాళ్ళుంటారు. ఒకరు స్టేజీ మీద నిలబడి, మంచులో దుప్పట్లు కప్పుకుని కూర్చున్న జనంలో వాళ్ళమ్మ ఎక్కడుందా అని వెతుకుతారు. రెండోరకంవాళ్ళు పూనకం వచ్చినట్టు మునిగిపోతారు. ఈ ఇద్దరికీ నటన ఇంకా రాలేదు. కర్ర ఎత్తినప్పుడు చూసేవాడి ఒళ్ళు జలదరించాలి, ఎదుటి పిల్లవాడికి మాత్రం దెబ్బ తగలకూడదు. ఒక కన్ను పాత్రలో, ఒక కన్ను పక్కవాడి క్షేమం మీద. ఇది నేర్పడానికి మాకు ఒక్కొక్క పిల్లవాడితో మూడేసి క్రిస్మస్‌లు పట్టేది. ఎన్టీ రామారావుకూ నేర్చుకోవడానికి కొంతకాలం పట్టిందంటే మాకు ఆశ్చర్యమేమీ లేదు, కాస్త ఊరట కలిగిందని కూడా చెప్పాలి.

ఈలోగా మా ఇంటి సంగతి సంఘంలో పొక్కింది. ఒక ఆదివారం అయ్యగారు వేషధారుల గురించి వాక్యం చెప్పారు. ఆయన మమ్మల్ని ఉద్దేశించలేదు, ఆ వారం పాఠమే అది. కానీ తలలన్నీ మా వైపు తిరిగాయి. మా వాడు ముఖం కందగడ్డ చేసుకుని, కడపటి కీర్తన కాకుండానే బయటికి నడిచాడు. సాయంత్రం అయ్యగారే ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ, “ఆ గ్రీకు మాటకు మొదటి అర్థం స్టేజీ మీద నటుడనే. అందులో తప్పేమీ లేదు. జీతం పుచ్చుకుని, వేషం కట్టి, ఆట అయ్యాక తీసేసేవాడు. ఆట అయిపోయినా తియ్యనివాడితోనే చిక్కు” అన్నారు. మావాడు తలుపు చాటు నుంచి విన్నాడు. బయటికి వచ్చి అయ్యగారికి నమస్కారం పెట్టాడు. మా తరంలో సినిమా హాలుకు వెళ్ళినవాణ్ణి పెద్దలు సంఘంలో నిలబెట్టి అడిగిన రోజులు మాకు తెలుసు. 1978లో విజయచందర్ యేసుగా నటించిన కరుణామయుడు వచ్చాక, దాన్నే తెల్లగుడ్డ కట్టి పల్లెపల్లెనా చూపించడం మొదలయ్యాక, ఆ పట్టు కొంత సడలింది. మిరప కళ్ళాల పక్కన నేలమీద కూర్చుని చూసి ఏడ్చినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ ఏడుపు అబద్ధమని ఎవరైనా అంటే ఒప్పుకోం.

ఇక మా వాడి చిక్కు దగ్గరికి వస్తాం. పిలుపు రాలేదుగా అని మేము గెలిచిన వాదన ఎంతోకాలం నిలవలేదు. ఎండాకాలంలో తెనాలివైపు ఒక నాటక సమాజం వారు, పరిషత్తు పోటీలకు కొత్త నాటిక తయారుచేస్తూ, మావాడి గురించి విని పిలిచారు. వాడు ఎగిరి గంతేసి వెళ్ళి, సాయంత్రానికి ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

“ఏందిరా, వేషం ఇవ్వలేదా?”

“ఇచ్చారు. ముసలి తండ్రి వేషం. మీసం తీసి, జుట్టుకు తెల్లరంగు వేసి, నడుం వంచుకుని నడవాలంట. కొడుకు వేషం వేసేవాడికి నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ!”

మా వాడికి మీసం మీద ఎంత మోజో ఇంట్లో అందరికీ తెలుసు. అద్దం ముందు అరగంట. ఆ రాత్రి వాడికి రెండు సంగతులు చెప్పాం. ఒకటి మన జిల్లావాడే, తెనాలి దగ్గర రావికంపాడులో 1927లో పుట్టిన గుమ్మడి వెంకటేశ్వరరావు గురించి. 1955లో అర్ధాంగి సినిమా వచ్చేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. అందులో అక్కినేని నాగేశ్వరరావుకు తండ్రిగా వేశాడు. నాగేశ్వరరావు ఆయనకంటే పెద్ద! ఆ తర్వాత జీవితమంతా తండ్రి, అన్న, జమీందారు. కథానాయకుడు కాలేదేమని ఆయన్ను చూసి ఎవరూ జాలిపడలేదు. చెయ్యెత్తకుండా, గొంతు పెంచకుండా, కళ్ళలో నీళ్ళు తిరగడంతోనే హాలంతా నిశ్శబ్దం చేసేవాడు.

రెండోది రామారావు మీసం కథ. బెజవాడ కాలేజీలో ఉండగా, ఆయన తెలుగు మాస్టారు విశ్వనాథ సత్యనారాయణగారు. ఒక నాటకంలో నాగమ్మ వేషం వెయ్యమన్నారు. మీసం తియ్యమంటే ససేమిరా అన్నాడు కుర్రవాడు. మీసాలతోనే నాగమ్మగా వేశాడు. కాలేజీ అంతా మీసాల నాగమ్మ అని పేరు పెట్టి ఏడిపించారు. అదే మనిషి 1957లో మాయాబజార్‌లో నున్నటి ముఖంతో కృష్ణుడిగా నిలబడ్డాడు. 1963లో నర్తనశాలకు వచ్చేసరికి నలభై ఏళ్ళు నిండాయి. అప్పుడు బృహన్నల కోసం వెంపటి చినసత్యంగారి దగ్గర చిన్నపిల్లవాడిలా కూచిపూడి నేర్చుకున్నాడు. మీసం లేదు సరికదా, జడ వేసుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, రాకుమారికి ఆట నేర్పే పాత్రలో నటించాడు. ఊళ్ళో వాళ్ళంతా ఆయన్ను భీముడంతటి మగవాడని కొలుస్తున్న రోజులవి.

ఇవన్నీ విచారించాక మాకు తట్టిన సంగతి వాడికి అప్పుడు చెప్పాం. ఉద్యోగం వదలడానికి ఆయనకు మూడు వారాలు చాలింది. ఆ మీసం వదలడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. జనం అంతా చెప్పుకునేది ఉద్యోగం సంగతే. ఎందుకంటే అది చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. మావాడూ అదే పట్టుకున్నాడు. రాజీనామా ఉత్తరం రాయడానికి వాడికి పదినిమిషాలు పట్టింది. బయట లోకానికి కనబడే త్యాగం అది. పొద్దునే లేచి గొంతు సాధన చేయడం, మాస్టారు తిడితే పడటం, నలుగురూ నవ్వుతారని తెలిసీ నడుం వంచడం ఎవరూ చూడరు, ఎవరూ కథలుగా చెప్పరు. మరో సంగతి కూడా వాడికి గుర్తు చేశాం. సర్కారు జీతం వద్దని వెళ్ళిన రామారావుకు విజయావారు మళ్ళీ నెలజీతమే ఇచ్చారు, నెలకు 500 రూపాయలు, సినిమాకు 5000. పాతాళభైరవి 1951లో వచ్చింది. అప్పటికి ఆయన స్టూడియోకు వెళ్ళడం మనం ఆఫీసుకు వెళ్ళినట్టే, వేళకు. దర్శకులకంటే ముందే తయారై కూర్చునేవాడని పేరు.

మేము చెప్పినదంతా ఒప్పని కాదు. వాడి అమ్మ ఒక మాటంది, “నాకు మాత్రం వాడు ఆ ఉద్యోగంలోనే ఉంటే బాగుండు. ఇవన్నీ నిన్ను ఆపడానికి వెతికిన మాటలే నాన్నా” అని. నిజమే. నాన్న ఒప్పుకోలేదు గాని నిజమే. వాడు నవ్వి, “నాకు తెలుసులే అమ్మా” అన్నాడు.

వాడు నెలరోజులు ఆలోచించాడు. ఉద్యోగం మానలేదు, వేషం మానలేదు. సాయంత్రం ఆరు దాటాక బస్సెక్కి గుంటూరు వెళ్ళి, అక్కడి నుంచి తెనాలి, రాత్రి పదకొండుకు తిరుగు ప్రయాణం. ఆదివారాలు ఆరాధన అయ్యాక వెళ్ళేవాడు. ఒక రోజు పొద్దున్నే మీసం లేని ముఖంతో వంటింట్లోకి వచ్చాడు. వాడి అమ్మ చేతిలో గరిటె జారింది. పదో తరగతి పిల్లవాడు తిరిగి వచ్చినట్టుంది.

ముసలివాడి నడక మాత్రం వాడికి కుదరలేదు. సినిమాల్లో ముసలివాళ్ళలా వణుకుతూ నడిచేవాడు. మాకు చూస్తే నవ్వొచ్చేది. అప్పుడే వాడి కళ్ళు మా నాన్నగారి మీద పడ్డాయి. ఆయనకు ఎనభై నాలుగు. నలభై ఏళ్ళు మిరపకాయల టిక్కీలు వీపు మీద మోసిన మనిషి. ఇప్పుడూ కళ్ళం దగ్గరికి వెళ్ళనిదే ఉండలేడు. మావాడు వారంరోజులు తాత వెనకే తిరిగాడు. ఆయన వణకడు. లేచేటప్పుడు ముందు ఒక చెయ్యి మోకాలి మీద వేస్తాడు, ఒక క్షణం ఆగుతాడు, రెండో చెయ్యి నడుం మీదికి పోతుంది, అప్పుడు లేస్తాడు. నాలుగడుగులు వేసి ఆగి, ఎవరో పిలిచినట్టు పక్కకు చూస్తాడు. అలసిపోయి ఆగానని చెప్పడం ఇష్టం లేక అలా చూస్తాడన్న సంగతి ఇన్నేళ్ళు కలిసి బతికిన మాకు తెలియలేదు. మావాడు కనిపెట్టాడు.

నాటిక ప్రదర్శన రోజున మేము ఆయన్ను కూడా కారులో తీసుకెళ్ళాం. మూడో వరసలో కూర్చున్నాం. మావాడు తెల్లజుట్టుతో, లుంగీ కట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కొడుకు ఏదో అడుగుతాడు. జవాబు చెప్పకుండా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆగాడు. నడుం మీద చెయ్యి వేసి లేచాడు. నాలుగడుగులు నడిచి, ఎవరో పిలిచినట్టు పక్కకు చూశాడు. హాల్లో దగ్గు కూడా వినబడలేదు. మా పక్కన తాత కదలకుండా కూర్చున్నాడు. ఆయన చెయ్యి తన మోకాలి మీదే ఉంది.

బహుమతి మరో సమాజానికి పోయింది. ఉత్తరం ఇంకా బీరువాలోనే ఉంది, తారీఖు లేకుండా. వాడు అడగలేదు, మేమూ తియ్యలేదు. తిరిగి వస్తుంటే కారులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఏటుకూరు దాటాక తాత వెనక్కి తిరిగి మనవణ్ణి అడిగాడు.

“ఏరా అబ్బాయ్, నా నడుం మరీ అంత వంగిందంటావా?”

“లేదు తాతా, కొంచెం ఎక్కువే వంచాను.”

“అదీ! అనుకున్నాను” అని ఆయన ముందుకు తిరిగి కూర్చున్నాడు.